చిన్నాయన దిద్దిన ‘ల’

తెల్లవారుతూ దీపం వెలిగించి వత్తి సరిచేస్తున్నాను. తమ్ముడి ఫోను వచ్చింది. “పెద్దక్కా, చిన్నాయన తవరిపోయినారు” అన్నాడు. పోయారనడానికి మా ఇళ్ళలో మాట అదే. సగం తమిళం, సగం తెలుగు. ఎన్ని తరాలుగానో ఈ గడ్డమీద ఉన్నవాళ్ళం, ఏడవడానికైనా మాకు రెండు భాషలూ కావాలి.

దీపంలో ఇంకొంచెం నూనె పోసి, మదురైలో బస్సెక్కాను. దిండిగల్ దాటేదాకా నామం చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత నామం మరిచాను. ఊరికే కిటికీలోంచి చూస్తూ కూచున్నాను.

ఆయన మా నాన్నకు తమ్ముడు. అవినాశి ఊరికి ఇటువైపున్న మా నగరానికి మేయరు. నేను కాలేజీలో ఉండగా మొదటిసారి గెలిచారు. నా పెళ్ళిలో అక్షింతలు వేసినప్పుడు మేయరు, నా కూతురి పెళ్ళిలో వేసినప్పుడూ మేయరే. మధ్యలో ఒకసారి ఓడిపోయారు. అప్పుడు కూడా జనం ఆయన్నే మేయరనేవారు. గెలిచినాయన పాపం నొచ్చుకునేవాడట.

మేయరుకు ఎర్రటి అంగీ, మెడలో గొలుసు ఉంటాయి. సమావేశం రోజు తప్ప ఆ అంగీని ఆయన తొడిగేవారు కాదు. చిన్నమ్మ దాన్ని ఎండబెట్టే నెపంతో మిద్దెమీద వడియాల పక్కన తాడుకు తగిలించేది. కాకులు దరికి వచ్చేవి కావు. “ఇంటికి మీవల్ల అయిన ఉపకారం ఇదొక్కటే. ఊరికంతా నీళ్ళు తెస్తారు, మన మోటారు చెడి మూడు దినాలాయె” అనేది. ఆయన నవ్వి, బిందె తీసుకుని వీధి కొళాయి దగ్గర వరసలో నిలబడేవారు. ముందుకు రమ్మంటే వచ్చేవారు కాదు.

పొద్దున్నే మోపెడ్ మీద ఏదో ఒక వార్డుకు వెళ్ళేవారు. ఎవరింటి ముందు ఆగినా ఒకటే ప్రశ్న, నీళ్ళు ఎన్ని గంటలకు వచ్చాయని. వచ్చాయా అని ఎప్పుడూ అడగరు. “వచ్చినాయా అంటే భయానికి ఆమాం ఆమాం అని తలూపుతారు పెద్దమ్మీ. ఎప్పుడు వచ్చినాయంటే నిజం చెప్తారు” అని నాతో అన్నారొకసారి. ఆ ప్రశ్న ఆయనకు నేర్పినామె ఒకరున్నారు.

మేయరైన కొత్తలో మాట. సోమవారం అర్జీల రోజు. చిన్నమ్మ ఇచ్చిన క్యారియరు పట్టుకుని నేను హాల్లోకి వెళ్ళాను. వాకిలి దగ్గర బంట్రోతు “తళ్ళి నిల్లు, తళ్ళి నిల్లు” అంటూ జనాన్ని అదుపు చేస్తున్నాడు. ఎడంగా జరిగి నిలబడమని తమిళంలో ఆ మాటకు అర్థం. గోడవారగా ఒకామె, చేతిలో మడతపెట్టిన కాగితం. వీధులు ఊడ్చే మనిషి. పక్కామెతో తెలుగులో గుసగుసలాడుతోంది. మా నగరంలో ఊడ్చేవాళ్ళు చాలామందికి ఇంటి భాష తెలుగే. మా భాషే, కానీ వాళ్ళ వీధి వేరు. ఆ సంగతి మా పెద్దవాళ్ళెవరూ ఎత్తేవారు కారు.

చిన్నాయనకు ఆ తెలుగు చెవిన పడింది. ముఖం విప్పారింది. “తల్లీ, ఇట్లా రా” అని పిలిచారు.

ఆమె మొదటి మాట మాత్రమే వింది, అదీ తళ్ళి అని. గబగబా రెండడుగులు వెనక్కి వేసింది. వీపు ద్వారబంధానికి తగిలింది. తప్పు చేసినదానిలా తల వంచుకుని బయటికి వెళ్ళిపోయింది. కాగితం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

చిన్నాయన ఆ పూట క్యారియరు విప్పలేదు. “ఆమెకి తెలుగు రాక కాదు పెద్దమ్మీ. ఇక్కడ తనని తల్లీ అంటారని ఆమె అనుకోలేదు” అన్నారు.

ఆ కాగితంలో ఏముందో తెలిసేదాకా ఆయనకు మనసు నిలవలేదు. నీళ్ళ సంగతేమోనని అధికారులను అడిగితే వాళ్ళ వీధికి రోజూ నీళ్ళు వస్తాయనే చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం బయల్దేరుతూ, తన నాలుకను నమ్మలేనని నన్ను కూడా రమ్మన్నారు. వీధి చివర ఒకే కొళాయి, ఎండిపోయి ఉంది. ఆమె అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, కాళ్ళకు దుమ్ము. మమ్మల్ని చూసి గుమ్మంలోకి జరిగింది.

చిన్నాయన ముందుకు పోలేదు. ఎండలో అక్కడే ఆగిపోయి అన్నారు.

“నేను తళ్ళి నిలుస్తా. నువ్వు చెప్పు తల్లీ.”

ఆమెకు నవ్వు రాబోయి ఆగింది. గుమ్మంలోంచే చెప్పింది. “నీళ్ళు దినామూ వస్తాయి సామీ. మేముండేటప్పుడు రావు.”

అంతే. ఆరు గంటలకు నీళ్ళు వదిలితే వీధంతా చీపుళ్ళు పట్టుకుని ఊళ్ళో ఉంటుంది. ఊరు శుభ్రం చేసి వచ్చిన మనిషికి కాళ్ళు కడుక్కోను చుక్క ఉండదు.

ఒక్క వీధికోసం మధ్యాహ్నం వేరే వాల్వు తిప్పడం కుదరదని ఇంజనీరు అన్నాడు. చిన్నాయన వాదించలేదు. వాల్వు తాళం తన చేతికి తీసుకుని, పన్నెండున్నరకు తానే వెళ్ళి తిప్పడం మొదలుపెట్టారు. మేయరు రోజూ వాల్వు తిప్పుతున్నాడని ఊరంతా చెప్పుకున్నాక ఒక మనిషిని వేశారు. అప్పటినుంచి ఆ వీధికి అదే వేళ.

కానీ ఆయనకు ఒక కొరత ఉండిపోయింది. తర్వాత ఆమె పనులమీద ఆఫీసుకు వచ్చినా వాకిలి దాటి లోపలికి వచ్చేది కాదు. రమ్మంటే నవ్వేది, అక్కడినుంచే చెప్పి వెళ్ళేది. ఆయన తన నోటినే తప్పు పట్టారు. చదువంతా తమిళంలో సాగింది, తెలుగు అక్షరం తెలియదు. తొందరగా మాట్లాడితే ల అన్నా ళ అన్నా ఒకటే పలికేది. నాకు నాన్న పూజ పుస్తకంలో తెలుగు నేర్పాడు. చిన్నాయన పలక కొనుక్కొచ్చి నా ముందు కూచున్నారు.

“నాలుక మడిచి అంటే తోసేసేది, పళ్ళకి ఆనించి అంటే పిలిచేది. ఇంతే కదా?” అన్నారు.

ఇంతే అన్నాను. ల దిద్దారు. ఆయన ల గుండ్రంగా రాదు, ఒక పక్కకు ఒరిగిపోతుంది. “మేయరుగారికి ఒకటో తరగతి. పాసయితే చెప్పండి, పాయసం చేస్తాను” అని చిన్నమ్మ వంటింట్లోంచి అనేది. నన్ను మదురైకి ఇచ్చాక కూడా, పండక్కి వెళితే ముందు తల్లీ అన్న ఆ మాటే పలికి చూపేవారు. సరిగ్గా వచ్చిందా అని నా ముఖంలోకి చూసేవారు. చాలాసార్లు వచ్చేది. రానప్పుడు కూడా వచ్చిందనేదాన్ని. దేవుడు క్షమించాలి.

మొన్న ఆయన పుట్టినరోజుకి ఫోను చేస్తే, ఆమె ఇంకా వాకిలి దగ్గరే నిలబడుతోందని చెప్పారు. ఆయనా ఆమే ఇద్దరూ పని మానేసి ఎన్నాళ్ళో అయింది. ఇప్పుడు ఆమె మా ఇంటి గేటు దగ్గర ఆగి, బాగున్నారా అని అడిగి పోయేదట. “నాకింకా రాలేదనుకుంటా పెద్దమ్మీ” అన్నారు.

నేను చేరేసరికి పన్నెండు కావస్తోంది. వసారాలో పడుకోబెట్టారు. చిన్నమ్మ ఆ ఎర్ర అంగీని మడిచి ఆయన కాళ్ళ దగ్గర పెట్టుకుని కూచుంది. గేటు నిండా జనం, దండలు, కార్లు. పెద్దవాళ్ళెవరో వస్తున్నారని పోలీసులు దారి చేస్తున్నారు. నేను తల దగ్గర కూచుని నామం మొదలుపెట్టాను.

పన్నెండున్నర దాటి కొంతసేపైంది. జనంలో ఆమె కనిపించింది. తల ముగ్గుబుట్ట అయింది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో నిండా నీళ్ళున్న చెంబు. గేటు దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఆగింది.

పోలీసు పిల్లవాడు చేతులు చాచి “తళ్ళి, తళ్ళి” అన్నాడు. జనం వెనక్కి జరిగారు. నేను లేవబోయాను.

ఆమె కదల్లేదు. అతని ముఖంలోకి చూసింది.

“అవును నాయనా, తల్లినే” అంది తెలుగులో.

అతనికి అర్థం కాలేదు. చెయ్యి మాత్రం దించాడు. ఆమె గేటు దాటింది, మెట్లు ఎక్కింది, వసారాలోకి వచ్చింది. చిన్నమ్మ ఆ అంగీని ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చింది. ఆమె కూచుని, చిన్నాయన పెదవులమీద నాలుగు చుక్కలు వదిలింది. మిగిలిన నీళ్ళతో పాదాలు కడిగింది, వేళ్ళ సందులు కూడా, తొందర లేకుండా.

వచ్చేటప్పుడు ఆమె అడుగడుక్కీ చెంబు తొణికింది. గేటు నుంచి మెట్ల మీదుగా ఆయన పాదాల దాకా నీటి చుక్కలు వరసగా పడి ఉన్నాయి. తర్వాత వచ్చిన పెద్దవాళ్ళు కూడా వాటిని తొక్కకుండా పక్కనుంచే నడిచారు.