బంద్ నాడు బాగైన వైఫై

కోరుట్లలో నేను సెల్‌ఫోన్లకు స్క్రీన్‌గార్డులు అంటించేవాణ్ని. ఎనిమిదితో బడి మానేసిన తెలివి కదా, అంటించిన ప్రతిదాని కిందా ఒక బుడగ మిగిలేది. గిరాకీలు అడిగితే కంపెనీ డిజైన్ అనేవాణ్ని. అయినా సిరిసిల్లలో ఉన్న మా అక్క దృష్టిలో నేను కంప్యూటర్ ఇంజినీరునే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మరునాడు బంద్ అని తెలిసి, బస్సులు ఆగకముందే అక్క నన్ను పిలిపించింది. మరమగ్గం నేసే మా బావ జగిత్యాలలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లో, ఏదో అప్‌డేట్ అయ్యాక వైఫై పోయింది. అక్క కూతురు, అంటే నా మేనకోడలు, ఇంజినీరింగ్ కాలేజీలు ఎంచుకోవడానికి బంద్ రోజు సాయంత్రమే ఆఖరు గడువు. నెట్ సెంటర్లన్నీ మూత. పక్కింటివాళ్లు తమ వైఫై వాడుకోమన్నారు గానీ ఈ ల్యాప్‌టాప్ దాన్ని పట్టుకుంటేగా!

పొద్దున్నే పనిలోకి దిగాను. ఆపి, మళ్లీ ఆన్ చేశాను. బ్యాటరీ ఊడదీసి, అంగీకి తుడిచి పెట్టాను. చివరికి ఒకచోట వైఫై పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు కనిపించింది. రోగం అదేననుకుని ‘అన్‌ఇన్‌స్టాల్’ నొక్కాను. గుర్తు మాయమైంది.

“చూసినవా, పోయింది!” అన్నాను.

“వైఫై పేరు గుడ పోయింది మామా,” అంది కోడలు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి నా నోటికి జోకు రాలేదు.

ల్యాప్‌టాప్ పట్టుకుని బజారుకు పరుగెత్తాం. నడిరోడ్డు మీద బంద్ చేసేవాళ్ల వంటావార్పు జరుగుతోంది. ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం అతను అక్కడే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మా గోడంతా విన్నాడు.

“కార్డు ఉన్నదిగని దాన్ని నడిపే డ్రైవర్ పోయింది. కానీ అన్నా, దుకాణం తెరువను. నేనే బంద్ చేయించి నేనే పని చేస్తే నలుగురు నవ్వరా?”

“మరి పిల్ల సంగతేంది? సాయంత్రం దాకనే టైం.”

అతను తల గోక్కున్నాడు. “బంద్ నా చేతులకు, నోటికి గాదు. చెల్లె, నువ్వు చెయ్యి, నేను చెప్త.” జేబులోని పెన్‌డ్రైవ్ కోడలికిచ్చి, కత్తిపీట నా ముందుకు జరిపాడు. “నువ్వు గీ పని చూడన్నా. గిండ్ల ఖరాబు చేసేదేం లేదు.”

అతను చెప్పినట్టే ఆమె పెన్‌డ్రైవ్‌లోంచి డ్రైవర్ ఎక్కించింది. లాభం లేదు. పైన స్టిక్కర్ ఒక కంపెనీదైనా లోపలి కార్డు వేరేదేమో, పాత యజమాని మార్చాడేమో అని అతనికి అనుమానం వచ్చింది. కార్డు నంబరు చదవమన్నాడు. ఆమె ఒక్కో అక్షరమే చదివింది.

“గట్లనా! అయితే కింది ఫోల్డర్ తెరువు.”

ఈసారి చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లన్నీ తెర మీద బారులు తీరాయి. పప్పు కలుపుతున్న పెద్దమ్మ “అచ్చిందా బిడ్డా?” అని అడిగి, అవుననగానే గరిటె ఎత్తి “జై తెలంగాణ!” అంది. సంగతేమిటో తెలియనివాళ్లు కూడా అందుకున్నారు.

ఎండ తగ్గకముందే కోడలు పక్కింటి వైఫైతో కాలేజీలన్నీ ఎంచుకుని పంపేసింది. అప్పటికి నా నోరు కూడా బాగైంది. అక్క వినేలా అన్నాను:

“కాలేజీల చేరినంక గిది మళ్ల ఖరాబైతే పరేషాన్ గాకు కోడలా. నాకే ఫోన్ కొట్టు.”

“కొడ్త మామా. ఏం జెయ్యాల్నో నిన్నడిగి, గదొక్కటి ఇడిశిపెట్టి అన్నీ చేస్త.”