స్విచ్ అందాకే సంతకం

ఆదోనిలో నేను పనిచేసే, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో ఈ రోజు ప్రమాదాల పరిశీలన పెట్టుకున్నాం. ఏ యంత్రం దగ్గర ఎవరికి ఏ దెబ్బ తగలొచ్చో ముందే చూసి, దాన్నిబట్టి పనివాళ్లకు శిక్షణ ఇవ్వాలి. సేఫ్టీ సూపర్‌వైజర్‌గా అది నా పని. మా మేనేజర్ మాత్రం కాగితాలు ఆఫీసులోనే నింపేసి, శిక్షణ అయిపోయినట్టు అందరి చేతా సంతకాలు పెట్టించమన్నాడు.

ఆలూరు నుంచి వచ్చే ఈరమ్మ పదేళ్లుగా యంత్రంలోకి పత్తి వేస్తోంది. మేనేజర్, నేను కాగితం పట్టుకుని ఆమె యంత్రం దగ్గరికి వెళ్తే ఆమె పెన్ను ముట్టుకోలేదు.

"మిషన్ ఆపే స్విచ్ యాడుంది సార్?" అని అడిగింది.

"ఆ గోడకే ఉంది కదమ్మా," అన్నాడు మేనేజర్.

"నేను నిలబడేది ఈడ. నా కొంగు దాంట్లో ఇరుక్కుంటే ఆడిదాకా ఎట్ల పోవల్ల? అది సెప్పు, పెడతా సంతకం."

మేనేజర్ నా వైపు చూశాడు. ఉద్యోగం పోతుందేమోనని భయమేసిన మాట నిజమే. అయినా స్విచ్ ఆమె చేతికి అందేదాకా నేనూ సంతకం పెట్టనని చెప్పేశాను. యంత్రం ఆపేశాం.

నేను పిలిపిస్తే సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ వచ్చి ఆమె పక్కనే కొత్త స్విచ్ బిగించాడు. దాన్ని ఎలా వాడాలో నేను నేర్పాక, ఈరమ్మ మూడుసార్లు యంత్రం నడిపించి, మూడుసార్లూ ఆపి చూసుకుంది. అప్పుడు సంతకం పెట్టింది.

రేపు మిగతా యంత్రాల దగ్గరికీ ఆమెనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను. మేనేజర్‌కు ఇంకా చెప్పలేదు, ఇది చదివితే ఆయనకే తెలుస్తుంది. మీరు పనిచేసే చోట ఇలా అడిగిన మనిషి ఎవరైనా ఉన్నారా?