పూడ్చిన గని మీద పెంటికలు

ఒద్వాల్‌కు మనుషుల మాట మీద కన్నా గొర్రెల పెంటికల మీదే నమ్మకం ఎక్కువ. గోబీ ఎడారి అంచున ఎవరి చలికాలపు మకాం ఎక్కడిదో తేల్చేవి అవే. ఏళ్ల తరబడి ఎవరి మంద పెంట ఎక్కడ మందంగా పేరుకుంటే ఆ చోటు ఆ ఇంటివారిది. ఇంకొకరు అక్కడ గుడారం వెయ్యరు.

అందుకే పూడ్చిన బొగ్గు గని మిట్ట మీద, కంచె లోపల, పరిచిన పెంట కనబడగానే ఆమె వంగి గిట్టల జాడ కోసం నేలంతా వెతికింది. కంపెనీ గొయ్యి పూడ్చి, మట్టి పోసి, గడ్డి విత్తనం చల్లి మూడేళ్లయింది. గడ్డి నిలిచిందని తనిఖీకి వచ్చే ఆఫీసరు ఒప్పుకుంటే చలి రాకముందే కంచె తీసి, ఆమె మందకూ పొరుగున ఉన్న దంజాన్ మందకూ వదులుతారు. ఆ ఏడు వానల్లేవు. ఆ మేత దొరక్కపోతే గొర్రెలు చలికాలం గట్టెక్కవు.

గిట్టల జాడ లేదు. కొరికిన పరక లేదు. అంటే ఎవరో మోసుకొచ్చి పోశారు. ఆమె నేరుగా దంజాన్ గుడారానికి వెళ్లింది. అతను ఉప్పు టీ పోసిచ్చాడు.

"మిట్ట మీద గడ్డి ఎలా ఉంది తమ్ముడూ?"

"ఏమో అక్కా, అటు వెళ్లి చాలా రోజులైంది. కంచె దాటితే ఊరుకుంటారా?"

అతని బూట్లకు తడి పెంటికలూ గని నల్లమట్టీ కలిసి అంటుకుని ఉన్నాయి. ఒద్వాల్ టీ మొత్తం తాగి, మెచ్చుకుని మరీ లేచింది. మిట్టంతా తన మకామని రేపు వీడు వాదిస్తాడు, రుజువు కాళ్ల కిందే ఉంటుంది. ఎంత నంగనాచి! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్లుంటారని తెలియదు కాబోలు.

దంజాన్ బావి పనికి వెళ్లిన రోజు ఆమె ఒంటెబండి కట్టి, పార పట్టుకుని వెళ్లి పెంటంతా గోకి తన దొడ్డిలో పోసుకుంది. పెంటతోపాటు సన్నటి తెల్ల గడ్డివేళ్లు కూడా ఊడొచ్చాయి. చూసింది, పట్టించుకోలేదు.

తర్వాత గాలి లేచింది. ఆఫీసరు వచ్చేసరికి మిట్ట నడుమంతా బోడిగా ఉండి నల్లదుమ్ము రేగుతోంది.

"ఇక్కడ గడ్డే పట్టలేదు. ఇంకో రెండేళ్లు కంచె ఉండాల్సిందే," అనేసి జీపెక్కాడు.

దంజాన్ అక్కడే కూలబడ్డాడు.

"వసంతం నుంచీ మా దొడ్డి పెంట తెచ్చి పోశానక్కా. ఈ నేల ముక్కలో మట్టికి ఏ సారమూ లేదు. నీకు చెబితే ఎక్కడైనా నోరు జారతావని దాచాను. ఇప్పుడిప్పుడే పరకలు లేచాయి. అదంతా ఏమైపోయిందంటావు?"

"గాలి... గాలి బలంగా వీచిందిగా," అంది ఒద్వాల్.

"అంతేనేమోలే," అన్నాడు దంజాన్.

రెండిళ్లవాళ్లూ చెరి సగం మంద అమ్ముకున్నారు. ఆమె గొర్రెలను లారీ ఎక్కించడానికి సాయం వచ్చింది దంజానే. చివరి గొర్రెను ఎత్తి, చేతులు దులుపుకుంటూ సగం ఖాళీ అయిన దొడ్డిని చూశాడు.

"మీ దొడ్డిలో పెంట బాగా మందంగా ఉందక్కా. మిగిలినవాటికి ఈ చలికాలం వెచ్చగా ఉంటుందిలే."

ఆమె అతని ముఖంలో వెతికింది. వెటకారం కనబడలేదు. జాలీ కనబడలేదు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఆమెకు ఈనాటికీ తెలియదు. అడిగే ధైర్యం రాలేదు.