సముద్రానికి అవతలి ఒడ్డు

మా వరండాలో పరిచినవి కడప బండలు. ఎండాకాలం మధ్యాహ్నం మా కోడలు వాటి మీద బిందెడు నీళ్లు కుమ్మరించినప్పుడు ఒక వాసన లేస్తుంది. ఆ వాసనకు నేను చేతిలోని కుంచె పక్కన పెట్టి కళ్లు మూసుకుంటాను. ముసలాయనకు కునుకు పట్టిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ కాసేపూ నేను కడపలో, రాతి అచ్చుకూటంలో, దస్తగిరి మామ పక్కన ఉంటాను. నున్నటి రాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి, కాగితం ఒత్తి అచ్చు తీసే రోజులవి. పని అయిపోగానే ఇసుక చల్లి, నీళ్లు పోసి ఆ రాయిని అరగదీసేవాళ్లం. అప్పుడు లేచే వాసన కూడా అచ్చం ఇదే.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బద్వేలు దగ్గర కరణంగా ఉన్న మా నాయన, రాయచోటి తాలూకా కచేరీలో నాకు గుమాస్తా పని మాట్లాడిపెట్టాడు. నేను బొమ్మలు గీసే బతుకుతానని మొండికేశాను. ఉగాది లోపల ఎవరైనా నన్ను బొమ్మల పనికి ఖాయం చేసుకుంటే సరేనని, లేకపోతే నోరు మూసుకుని కచేరీలో కూర్చోవాలని ఆయన తేల్చి చెప్పాడు. అచ్చుకూటం యజమాని శెట్టిగారు కొన్నాళ్లు పని చూసి చెబుతానని, ఆ చూసే భారం దస్తగిరి మామ మీద వేశాడు. బీడీకట్టల చీటీల నుంచి పెళ్లి పత్రికల దాకా అన్నిటికీ బొమ్మలు గీసేది మామే. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలకు ఒకవైపు కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. తొందర అనేది ఆయన ఒంట్లోనే లేదు.

మొదటి రోజు మేకను గీయమన్నాడు. నేను ఇంగ్లీషు పుస్తకంలో చూసిన బొద్దు మేకను గడ్డంతో సహా దించేశాను. మామ నన్ను సంతకు తీసుకుపోయి, నిజం మేక ముందు కూర్చోబెట్టాడు. చెమటలు కక్కుతూ గీశాను. పెన్సిలు చెక్కుకోవడానికి అటు తిరిగి ఇటు తిరిగేలోపల ఆ మేక నా కాగితాన్ని సగం తినేసింది. నేను లబోదిబోమంటూ మామకు చూపించాను. ఆయన మిగిలిన సగాన్ని శ్రద్ధగా చూశాడు.

“మేకే దాన్ని మేకనుకోలేదప్పా, గడ్డి అనుకునింది. ఇంగ కొంచేపు కూచోని చూడు.”

ఆ కొంచేపు వారం రోజులు సాగింది. సంత లేని రోజుల్లో కాపరుల వెంట పోయాను. వాళ్లు మొదట కొనుగోలుదారుణ్ణి అనుకుని మర్యాద చేశారు, తర్వాత పిచ్చివాణ్ణని నిర్ధారించుకుని ఇంకా ఎక్కువ మర్యాద చేశారు. ఎనిమిదో రోజు నా కాగితాన్ని ఒక మేక వాసన చూసి వదిలేసింది. పాసైనట్టేనన్నాడు మామ.

ఇంతలో శెట్టిగారికి పిల్లల అక్షరాల పుస్తకం పని వచ్చింది. అచ్చుకు ముందు చదువుల శాఖ అధికారి వచ్చి రాయి మీంచి తీసిన నమూనా బొమ్మలన్నీ చూసి ఒప్పుకోవాలి. అరటి, ఆవు, ఇల్లు, ఈగ అన్నీ మామ చకచకా గీసేశాడు. ‘ఓ’ దగ్గర ఓడ రావాలి. దాన్ని నాకిచ్చాడు. అది బాగుంటే శెట్టిగారు నన్ను ఉంచుకుంటాడు, లేకపోతే రాయచోటి బండి ఎక్కిస్తాడు. మా ఇద్దరిలో ఎవరమూ ఓడనూ సముద్రాన్నీ చూసినవాళ్లం కాదు. ఏదైనా పుస్తకం చూసి గీస్తానంటే మామ ఒప్పుకోలేదు. బొమ్మను చూసి బొమ్మ గీయడం ఎంగిలి తిన్నట్టేనన్నాడు. చూసినవాళ్లను అడగాలన్నాడు.

మాకు తెలిసినంతలో ఓడ ఎక్కిన మనిషి ఒక్కతే. మామకు మేనత్త. బొంబాయి నుంచి ఓడలో మక్కాకు పోయి వచ్చింది కాబట్టి వీధంతా ఆమెను హజ్జమ్మ అనేవారు. ఓడ ఎట్లా ఉంటుందని అడిగితే ఆమె వక్క నములుతూ చెప్పింది.

“ఇల్లు మాదిరే ఉంటాది నాయనా. అయితే ఒగచోట నిలబడదు.”

పాపం, దారి పొడుగునా ఆమెకు కళ్లు తిరిగి పడుకునే ఉందట. అందుకని ఓడ లోపలి కప్పు గురించి, తలదగ్గర పెట్టుకున్న బొక్కెన గురించి ఎంతైనా చెప్పగలదు. ఎక్కేటప్పుడు జనంలో పడిపోతానని కాళ్ల వంకే చూసుకుంది కనుక నిచ్చెన బాగా గుర్తుంది. గుండ్రటి కిటికీలు ఉన్నాయంది, సున్నపుబట్టీ మాదిరి పొగ వచ్చేదంది. ఆ సాక్ష్యంతో నేను గీసిన ఓడ, గుండ్రటి కిటికీలూ పొగగొట్టమూ ఉన్న కడప మిద్దె. దాని కింద నీళ్లు కావాలి. నేనెరిగిన పెద్ద నీళ్లు వరదలో పెన్న. అదే గీశాను. అవతలి ఒడ్డున రెండు తుమ్మచెట్లు పెట్టి, బాగా వచ్చిన విద్య కదా అని ఒక మేకను కూడా నిలబెట్టాను. మామ ఎంతసేపు చూసినా తప్పు కనబడలేదు. నీళ్లకు అవతలి గట్టు ఉండదన్న ఊహే మా ఇద్దరికీ రాలేదు.

అధికారి బందరులో పుట్టి పెరిగినవాడు. ‘ఓ’ దగ్గరకు వచ్చి, నవ్వి నవ్వి మంచినీళ్లు అడిగాడు. శెట్టిగారి ముఖం మాడిపోయింది. వీడు కొత్తవాడండీ, ఇవాళే పంపించేస్తానన్నాడు. నాకు రాయచోటి కచేరీ కళ్లముందు కనబడింది.

“సముద్రానికి అవతలి ఒడ్డు ఎక్కడైనా ఉంటుందటండీ?” అన్నాడు అధికారి కళ్లు తుడుచుకుంటూ.

మామ చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు.

“అవతల ఒడ్డు లేకపోతే మా అత్త యాడ దిగింది సారూ?”

అధికారి బొమ్మను మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి నవ్వలేదు.

“ఓడ ఓడలా లేదు, సముద్రం సముద్రంలా లేదు. మేక మాత్రం మేకే. ఎవరు గీశారు?”

మామ నన్ను ముందుకు తోశాడు. ఓడ ఎట్లా ఉండాలో అధికారే సుద్దముక్కతో గీసి చూపించాడు. ఒడ్డు తీసేయమన్నాడు. రాబోయే పుస్తకాల్లో జంతువులన్నీ ఈ మనిషే గీయాలన్నాడు. నేను మొదటినుంచీ తమ అచ్చుకూటం మనిషినేనని శెట్టిగారు వెంటనే చెప్పాడు. ఆ సాయంత్రమే మా నాయనకు కార్డు రాశాను.

రాయి మీద ఒడ్డును మామే గీకాడు. కానీ రాయి తాగిన జిడ్డును అంత తేలిగ్గా వదలదు. అచ్చులో నీళ్ల చివర వెంట్రుకంత గీత మిగిలిపోయింది. మళ్లీ గీకుదామా అని అడిగితే, ఉండేదాన్ని ఎంతని గీకుతామన్నాడు.

కొన్నేళ్లకు పుస్తకాల బొమ్మల పని మీద మదరాసు చేరాను. మొదటి సాయంత్రమే సముద్రం దగ్గరకు పోయి, సిగ్గు లేకుండా అవతలి ఒడ్డు కోసం వెతికాను. కనబడలేదని మామకు కార్డు రాశాను. జవాబుగా ఒకే వాక్యం వచ్చింది.

“ఇంగ కొంచేపు కూచోని చూడప్పా.”

అది వచ్చిన ఏడాదికే మామ పోయాడు, సముద్రం చూడకుండానే. ఆ కబురు విన్న రోజు ఆ కార్డు పట్టుకుని ఏడ్చాను. ఈనాటికీ ఏ బొమ్మకు కూర్చున్నా, అయిపోయిందనిపించాక ఇంకొంచెం సేపు చూస్తాను. సముద్రం గీసినప్పుడల్లా నీళ్ల చివర సన్నటి గీత ఒకటి పెడతాను. అచ్చువాళ్లు మరక అనుకుని చెరిపేస్తారు. నేను మళ్లీ పెడతాను. హజ్జమ్మ ఎక్కడో ఒకచోట దిగాలి కదా.