నిద్రపుచ్చే మోత: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

మీకు తెలిసిన పిల్లవాడి పాట ఉన్నట్టుండి బరువెక్కితే మీరు చెవులు మూసుకుంటారా, ఏమైందని వెళ్ళి అడుగుతారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను మాత్రం అడగడానికి కాదు, మందలించడానికే బయలుదేరాను.

నాకు జగిత్యాలలో సైకిళ్ళ దుకాణం ఉంది. ఆదివారాలు చర్చిలో వాక్యం చెబుతాను. ఏ బోధకుల బడిలోనూ చదవలేదు, పంక్చరుకూ పంక్చరుకూ మధ్య గ్రంథం తెరిచి నేర్చుకున్నదే. బుగ్గారంలో యువజనుల కూడిక పెట్టుకుని, కోరుట్ల ప్రవీణ్ బ్యాండును మాట్లాడాను. వాళ్ళ పద్ధతిని పాప్ పంక్ అంటారట. గిటారు గరగరలాడుతూ పరుగెత్తుతుంది, డ్రమ్ములు దాని వెంటపడతాయి, రెండోసారి వినేసరికి పాట మీ నోట్లోనే ఉంటుంది. గల్ఫ్ నుంచి నాన్న పంపిన సెంటు సీసా మీద వాళ్ళు కట్టిన పాటకు కిందటిసారి మా సంఘం పెద్దలు కూడా కాళ్ళు ఆడించారు. ఈసారి అదే పాటను ప్రవీణ్ నా ఫోనుకు పంపితే, లోడు లారీ గుట్ట ఎక్కుతున్నట్టుంది. అదే రోజు వాళ్ళమ్మ లక్ష్మి ఫోను చేసి రమ్మంది.

మా జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం ఎక్కువసేపు నిలబడే పని లేదు. తెల్లవారగానే ఎక్కితే ముప్పావుగంటకు అటూ ఇటుగా దిగుతారు, చేతిలో యాభై నోటు ఉంటే చాలు. పక్క సీటాయనకు ఓర్పు గురించి నాలుగు ముక్కలు చెబుతుంటే కండక్టరమ్మ వెనక్కి తిరిగింది. "సార్, జర మెల్లగ చెప్పుండ్రి. మా డ్రైవర్‌కు హారన్ ఇనవడ్తలేదు." బస్సంతా నవ్వింది. నా గొంతు అటువంటిది.

కోరుట్లలో లక్ష్మి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. భర్త మస్కట్‌లో ఉంటాడు. చెయ్యి ఆపకుండానే మొదలుపెట్టింది. "అన్నా, మా పోరనికి నువ్వే బుద్ధి చెప్పాలె. మొదలు ఎంత మంచిగ గంతులేసేటట్టు వాయిస్తుండె! గిప్పుడు పెండ్లిళ్ళకు ఎవ్వలు పిలుస్తలేరు. పోయిన నెల ఇంట్ల వాయిస్తే పక్కింటామె ఉరికొచ్చి, ఎవలు సచ్చిపోయిండ్రని అడిగింది."

"ఇప్పుడేడి?"

"యాడుంటడు, సిరిసిల్లల. డ్రమ్ములు కొట్టే శేఖర్ లేడా, వాని ఇంటికాన్నే. సాంచల గల్లీల వాళ్ళ బాపు పనిచేసిన కార్ఖానాల వాయిస్తుండ్రట. వారమాయె, మొఖం సూపియ్యలే."

టీ తాగి మళ్ళీ బస్సెక్కాను. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ దాకా ఒక బస్సు, అక్కడ మారి సిరిసిల్లకు మరొకటి. నిలబడకుండా పోవాలంటే పొద్దున్నే బయలుదేరాలి. దారి పొడవునా ప్రసంగం కట్టుకున్నాను. సంతోషంతో పాడాలి, ఏడుపు మోత యువకులకు తగదు అని. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నాలుగు వచనాలు గుర్తు పెట్టుకున్నాను.

సిరిసిల్లలో ఆటో మాట్లాడుతూ సాంచల గల్లీకి అన్నాను. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. డ్రైవరు నన్ను అద్దంలో చూశాడు. "గాడేమున్నది సార్ గిప్పుడు? ఆర్డర్లు లేవు, సాంచలు బంద్. సగం మంది సాంచల పనికి భీవండి పోయిండ్రు. నేను పుట్టినకాంచి సాంచల సప్పుడుకు మా ఇంట్ల కుక్కర్ సీటీ ఇనలే. గిప్పుడు రోజు ఇనవడ్తంది. భయమైతది."

కార్ఖానా దొరకడం కష్టం కాలేదు, గల్లీలో మోత వస్తున్నది దాంట్లోంచే. లోపల ఆగిపోయిన సాంచల మీద దూది నురుగులా పేరుకుంది. వాటి మధ్య ప్రవీణ్ గిటారుతో, శేఖర్ డ్రమ్ములతో ఉన్నారు. తీగలు ఎంత వదులు చేశారంటే, ఒక్కొక్క దెబ్బకు నా చెప్పుల కింద నేల అదిరింది. వాళ్ళ ముఖాల్లో కోపం లేదు, ఒంట్లో ఎగురుడు లేదు. వాళ్ళ వెనక గోడ వారన, చాప మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు.

ఇంత మోతలో మనిషిని పడుకోబెట్టారేమిటని నాకు మండింది. "ఆపండి!" అని అరిచాను. వాళ్ళు ఆపేశారు. కార్ఖానా ఒక్కసారిగా మూగబోయింది. చాప మీది ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శేఖర్ డ్రమ్ము పుల్లలు వదలకుండానే రెండు చేతులూ జోడించాడు. "పాస్టర్ సాబ్, దండం పెడ్త. నువ్వేమన్న తిట్టుకో, గని సప్పుడు ఆపకు. సప్పుడు ఆగితే మా బాపుకు నిద్ర పట్టది."

మళ్ళీ మోత మొదలైంది. ఆయన, శేఖర్ తండ్రి రాజేశం, మెల్లగా వెనక్కి వాలాడు. ప్రవీణ్ వాయిస్తూనే నా చెవి దగ్గరకు వచ్చి చెప్పుకొచ్చాడు. రాజేశం బతుకంతా రాత్రి పని చేసి, పొద్దున ఇదే గోడ పక్కన, పగటి సాంచల చప్పుడులో నిద్రపోయిన మనిషి. సాంచలు ఆగిన రోజు నుంచి నిద్ర లేదు. తిండి తగ్గింది, మాట ఆగింది. రెండుసార్లు ఎవరికీ చెప్పకుండా మానేరు నది దిక్కు నడుచుకుంటూ పోతే వెనక్కి పట్టుకొచ్చారు. ఇంట్లో వాళ్ళు ఆయనను ఒంటరిగా వదలడం లేదు. దవాఖానకు పోదామంటే, నాకేం రోగమని కసురుతాడట.

"మా బేస్ గిటార్ కొట్టే గంగాధర్ గాడు మస్కట్ పోయిండు గద అన్నా. కింది సప్పుడు పోయింది. వాని జాగ నింపుదామని నేనే తీగలు వదులు చేసి దించిన. గప్పుడే, ముసలాయన గోడకు ఒరిగి గుర్రు పెట్టిండు. మేమిద్దరం ఒకల మొకం ఒకలం చూసుకున్నం. గంతే, ఇగ మళ్ళ తీగలు బిగియ్యలే. పెండ్లిళ్ళు పోతే పోనియ్."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న వచనాలు నాలుగూ పనికిరాకుండా పోయాయి. గ్రంథంలోనే ఒకచోట ఉంది: చెరపట్టి తీసుకుపోయిన జనాన్ని ఉల్లాసంగా పాడమంటే, వాళ్ళు తమ వాద్యాలను చెట్లకు తగిలించి నది ఒడ్డున ఏడ్చారు. ఎన్నిసార్లు బోధించానో! పాడమని అడిగినవాళ్ళ పక్కన నేనెప్పుడూ నన్ను నిలబెట్టుకోలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గిటారు మూగబోయింది. శేఖర్ డ్రమ్ము ఒక్కటే సాంచ లయలో నడుస్తోంది, కింది చప్పుడు మాత్రం లేదు. రాజేశం చెయ్యి చాప మీద వెతుక్కోవడం మొదలుపెట్టింది. ప్రవీణ్ నా వైపు తిరిగాడు. "అన్నా, నీ గొంతు!"

సంచిలోంచి గ్రంథం తీసి, ఎవరూ బోధించని పేజీలు తెరిచాను. వట్టి పేర్లు. తండ్రి పేరు, కొడుకు పేరు, వాడి కొడుకు పేరు. గొంతు ఎంత కిందికి దిగుతుందో అంత దించి, డ్రమ్ము దెబ్బకు ఒక పేరు చొప్పున చదువుకుంటూ పోయాను. రాజేశం చెయ్యి కదలడం ఆగింది. నా ప్రసంగంలో జనం నిద్రపోవడం కొత్త కాదు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పడం మాత్రం అదే మొదలు.

కరెంటు వచ్చినా ప్రవీణ్ గిటారు ముట్టలేదు. నా గొంతు బొంగురుపోయే వేళకు రాజేశం తనంతట తానే కళ్ళు తెరిచి, కాసేపు విన్నాడు. "ఎవల్దిరా గీ కొత్త సాంచ? బేరింగ్ పోయినట్టున్నది."

శేఖర్ నవ్వబోయి ఏడ్చాడు. తండ్రి నోట అన్ని మాటలు వచ్చి చాలా రోజులైందట. నేను చాప పక్కన కూర్చున్నాను. "నిజమే రాజేశమన్నా, గొంతు పోయింది. దవాఖానకు పోవాలె. నాకు ఊరు కొత్త, తోడొస్తావా?"

ఆయన లేచి కూర్చున్నాడు. "గొంతుకేనా?"

"గొంతుకు నేను చూపించుకుంట. నిద్రకు నువ్వు చూపించుకో."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే నేను గల్లీలోకి ఉరికి ఆటోను ఆపాను. సర్కారు దవాఖానలో ఓపీ మధ్యాహ్నానికి మూసేస్తారు. మేము గేటు దాటేసరికి వరసలో చివరివాళ్ళం. డాక్టరమ్మ ఆయనతో తీరిగ్గా మాట్లాడింది, మందులిచ్చింది, వారానికి మళ్ళీ రమ్మంది, ఒంటరిగా వదలొద్దని శేఖర్‌కు చెప్పింది. ఆయన బాగైపోయాడని నేను సాక్ష్యం చెప్పడం లేదు. లోపలికి వెళ్ళాడు, అంతే చెబుతున్నాను. బయటికి వచ్చాక లక్ష్మికి ఫోను చేసి, బుగ్గారంలో నీ కొడుకు ఆ బరువు పాటే వాయిస్తాడన్నాను. "ఓ దేవుడా, నీకు గూడ గీ పిచ్చి వట్టిందా?" అంది.

తిరుగు బస్సులో ఎవరికీ ఏమీ బోధించలేదు, గొంతు లేదు. మోతగా ఉన్నదంతా కోపమనీ, ఎగిరేదంతా సంతోషమనీ ఇన్నాళ్ళూ లెక్కవేసుకున్నాను. ఇద్దరు పిల్లలు ఊరు విడిచిన స్నేహితుడి చోటు నింపబోయి, ఇంట్లో ఉంటూనే చేజారిపోతున్న మనిషిని పట్టుకున్నారు. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక్క సలహా: సిరిసిల్ల సర్కారు దవాఖానలో పని ఉంటే జగిత్యాలలో మొదటి బస్సే ఎక్కండి, వేములవాడలో టిఫిన్‌కు ఆగకండి, లేకపోతే ఓపీ అందదు. మీ ఇంట్లోనో మీ గల్లీలోనో నిద్రపోని మనిషి, మాట తగ్గిన మనిషి ఉంటే ఆదివారం దాకా ఆగకండి. నా ప్రసంగం కోసం అసలే ఆగకండి. ఈ పేజీ మూసి, చెప్పులు వేసుకుని, ఈ రోజే, ఇప్పుడే వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చోండి. దవాఖానకు తోడు నడవండి.