చెరపకూడని గోడ

ఆమెకు భయం ఎప్పుడూ అరచేతుల్లోంచే మొదలవుతుంది. ముందు చెమట పడుతుంది. తర్వాత గొంతు ఎండుతుంది. తను దేనికి భయపడుతున్నదో ఆ తర్వాతే తెలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో భర్త ఆమె చెయ్యి పట్టుకుని, "నీ చేతిలో ఎప్పుడూ సన్నగా వాన పడుతుంటుందే" అన్నాడు. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. మసకబారినవి తుడవడం ఆయనకు అలవాటు. ఆ చేతుల్ని మాత్రం ఎన్నేళ్ళు తుడిచినా పొడిబారలేదు.

వీధిలో ఆమెను అర్జీల అక్క అంటారు. మూతపడిన అచ్చాఫీసు కింది గదిలో సాయంత్రం పూట ఒక బొమ్మల బడి నడుస్తుంది. అట్టపెట్టెల కార్ఖానాకు పనికి వెళ్ళేవాళ్ళ పిల్లలు, అమ్మానాన్నలు ఇల్లు చేరేదాకా అక్కడే ఉంటారు. గీస్తారు, చదువుకుంటారు, కొట్టుకుంటారు, మళ్ళీ గీస్తారు. గీయడం నేర్పేది డ్రాయింగు మాస్టారు. గది అద్దె, బొగ్గు ముక్కలు, రంగులు, మాస్టారి జీతం ఎక్కడినుంచి రావాలో వెతకడం ఆమె పని. కళలకూ చదువులకూ సాయం చేసే సంస్థలు ఎక్కడెక్కడున్నాయో ఆరా తీస్తుంది. వాళ్ళడిగిన ప్రశ్నలకు అన్నం తినే బల్ల మీదే కూర్చుని జవాబులు రాస్తుంది.

"మీ కార్యక్రమం వల్ల సమాజంలో వచ్చిన కొలవదగిన మార్పు ఏమిటి అట" అని ఒకసారి పైకి చదివింది.

"వీధి కుక్క ఆ పిల్లల్ని చూసి మొరగడం మానేసింది. రాసెయ్" అన్నాడు భర్త, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

నవ్వింది. నవ్వుతుండగానే కాగితం మీద అరచేతి తడి అచ్చుపడింది.

చాలా అర్జీలకు జవాబే రాదు. వచ్చినవాటిలో 'మీ ప్రయత్నం అభినందనీయం' అని ఉంటుంది. ఆ మాట కంటబడితే మిగతాది చదవనక్కర్లేదని ఆమెకు అనుభవం మీద తెలిసింది. ఈసారి మాత్రం ఒక సంస్థ నుంచి, బడిని చూడటానికి ఒకావిడను పంపుతున్నామని కబురు వచ్చింది. పాత సాయం అయిపోయింది. ఈ నెల దాటితే గదిని పార్శిళ్ళ కంపెనీకి గోదాముగా ఇచ్చేస్తానని అచ్చాఫీసు యజమాని ముందే చెప్పాడు. "నాకూ పిల్లలంటే ఇష్టమేనమ్మా. కానీ పార్శిళ్ళు ఏడవవు, కిటికీలెక్కవు" అన్నాడాయన. వచ్చే మనిషి మెచ్చితే బడి ఉంటుంది. లేకపోతే సాయంత్రాలు ఆ పిల్లలంతా మళ్ళీ లారీలు తిరిగే రోడ్డు మీద.

ఆ అర్జీలో ఆమె రాసిందంతా గోడ గురించే. గదిలో ఒక పక్క, తలుపు నుంచి కిటికీ దాకా, పిల్లలు గీసుకునే గోడ ఉంది. దానికి ఒక్కటే నియమం. ఏదీ చెరపకూడదు. తప్పు గీత పడితే దాన్ని ఇంకొకటిగా మార్చాలి, వాళ్ళకు చేతకాకపోతే పక్కవాళ్ళు మార్చాలి. ఒక పిల్ల గుర్రం గీస్తే ఐదో కాలు ఎక్కువైంది. ఏడుస్తూ కూర్చుంది. ఇంకొకడు వచ్చి ఆ కాలిని కుళాయి చేశాడు. మరొకతె దాని కింద బిందె పెట్టింది. ఆ బిందె వెనక వరస కట్టిన బిందెలు కిటికీ దాకా వెళ్ళాయి. ఇప్పుడు ఆ గుర్రం కడుపులోంచి వీధి మొత్తానికీ నీళ్ళొస్తున్నాయి. ఆ గోడకు ఫోటోలు తీసి అర్జీతో పాటు పంపింది.

ఆవిడ వస్తారన్న ముందురోజు మధ్యాహ్నం గది తలుపు తీయబోతే, అది తీసే ఉంది. లోపలినుంచి సున్నం వాసన వచ్చింది. అరచేతులకు ముందే తెలిసిపోయింది.

గోడ తెల్లగా ఉంది. ఏమీ తెలియని ముఖంలా, పాలు తాగి పడుకున్న పసిపాప ముఖంలా తెల్లగా ఉంది.

స్టూలు మీద బావగారు. భర్తకు అన్న. జీవితమంతా ఇళ్ళకు రంగులేసి, మోకాళ్ళు అరిగాక ఈమధ్యే వీళ్ళింటికి చేరాడు. ఈ గదిలోకి ఎన్నడూ రాలేదు. తమ్ముడి దగ్గర తాళంచెవి అడిగి తెచ్చుకున్నాడు. చేతిలో కుంచె, కనుబొమల మీద సున్నపు చుక్కలు, ముఖమంతా నవ్వు.

"ఎలా ఉందమ్మా? పెద్దవాళ్ళు వస్తున్నారటగా. గోడంతా బొగ్గుతో పిచ్చిగీతలు. చూస్తే ఏమనుకుంటారు? మన పరువు కాదూ? కూలీ అడగనులే, కాఫీ ఇస్తే చాలు."

ఆమె నోరు తెరిచింది. కుంచె లేని ఆయన రెండో చెయ్యి స్టూలు మీద నిలదొక్కుకోవడానికి కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుని ఉండటం చూసింది.

"బాగుంది బావగారూ" అంది.

అప్పుడే లోపలికొచ్చిన మాస్టారు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు. "అక్కా! గోడ ఏది?"

మాస్టారు చెప్పాల్సినదంతా చెప్పేసరికి బావగారి ముఖం మీద నవ్వు కాస్త కాస్తగా ఆరిపోయింది. కుంచెను బకెట్లో పెట్టాడు. దిగడానికి ఎవరి చెయ్యీ అడగలేదు.

"గీకేద్దామా?" అన్నాడు మాస్టారు.

"గీకితే కింద ఉన్నదీ ఊడొస్తుంది బాబూ" అన్నాడాయన నేలను చూస్తూ. "ఒక్క పూతే వేశా. రెండోది పొద్దున వేద్దామనుకున్నా." కుంచె కడుక్కుని ఇంటికి బయల్దేరాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె ఒక్కతే గోడ ముందు నిలబడింది. రెండు వీధుల అవతల ఉండే పాటల బడి గుర్తొచ్చింది. అక్కడా ఇలాగే చూడటానికి మనిషి వచ్చాడు. ఆ రోజు పిల్లలు తక్కువయ్యారని పక్కిళ్ళ పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టారు. "ఏం పాట నేర్చుకున్నావమ్మా?" అని ఒక పిల్లను అడిగితే, "నాకు బిస్కెట్లిస్తామన్నారు" అంది. ఆ తలుపుకు ఇప్పుడు తాళం. తాళం మీద సాలెగూడు. ఫోటోలో బొమ్మల గోడ, ఎదురుగా తెల్ల గోడ. రేపు వచ్చే మనిషి ఏమనుకుంటుంది? ఎక్కడిదో ఫోటో పంపారనుకోదూ?

గోడకు చెయ్యి ఆనించింది. చెయ్యి తీసేసరికి, తడి అంటిన చోట గోడ లోపలినుంచి ఏదో నల్లగా పైకి తేలింది. ఒక కాలు. గుర్రపు కాలు. మునిగిపోయిన వాళ్ళు నీటి అడుగునుంచి చూస్తున్నట్టు అది ఆమెను చూసింది. చూస్తుండగానే తడి ఆరింది, కాలు మళ్ళీ తెలుపులోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో భర్త, "మా అన్నయ్య కొండనాలుక్కి మందేశాడు" అని ఆమెను నవ్వించబోయి, అన్న గది తలుపు వేసి ఉండటం చూసి గొంతు తగ్గించాడు. బావగారు అన్నానికి లేవలేదు.

మర్నాడు స్కూళ్ళకు సెలవు, పొద్దునే పిల్లలంతా వచ్చారు. బావగారూ వచ్చాడు గానీ గుమ్మం దాటలేదు, బయట మెట్టు మీద కూర్చున్నాడు. మాస్టారు చేతిలో ఫోటో ఉంది, జేబు నిండా బొగ్గు ముక్కలు.

"చూసి గీయించేద్దాం అక్కా. ఆవిడ వచ్చేలోగా సగమైనా అవుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

వద్దనాలి. పాటల బడి తాళం కళ్ళ ముందే ఆడుతోంది. కానీ తెల్ల గోడ అంతకంటే భయపెట్టింది. సరే అనలేదు, వద్దనీ అనలేదు. మాస్టారు ఒక పిల్లను గోడ దగ్గర నిలబెట్టి, ఫోటో ఎత్తి పట్టుకుని, "ముందు తోక" అన్నాడు.

"తోక ఇక్కడ కాదు సార్, అక్కడ" అంది పిల్ల.

"నమస్కారమండీ. కాస్త ముందే వచ్చేశాను" అని గుమ్మంలోంచి వినిపించింది.

గొడుగు ముడుస్తూ ఒకావిడ. జుట్టు నెరిసింది, చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. గోడను చూసింది. బొగ్గు పట్టుకున్న పిల్లను చూసింది. మాస్టారు వీపు వెనక్కి దాచుకున్న చేతిని చూసింది.

"ఫోటోలో గోడ ఇదేనా అండీ?"

అబద్ధం నాలుక చివరే ఉంది. అది వేరే గదండీ, ఇది కొత్తగా మొదలుపెడుతున్నాం అనొచ్చు. చిన్న అబద్ధం, చెప్పులో రాయంత. మెట్టు మీద బావగారు తల వంచుకుని ఉన్నాడు. నిజం చెబితే వేలు ఆయన వైపు చూపాలి.

"ఇదేనండీ" అంది ఆమె. "నిన్న సున్నం వేశాం. మీరొస్తున్నారని."

'వేశాం' అన్న మాటకు బావగారు తలెత్తాడు.

"నాకోసమా?" ఆవిడ నవ్వలేదు. "ఏదీ చెరపకూడదన్న నియమం మీరే రాశారు కదా."

అరచేతుల్లోంచి చెమట వేళ్ళదాకా దిగింది. ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ గోడకు ఆనించింది. తీసింది. రెండు తడి చేతుల ఆకారంలో గుర్రం కడుపు, బిందె అంచు పైకి తేలాయి.

పిల్లలు ఒక్కసారిగా అరిచారు. "ఉంది! లోపలే ఉంది!"

"పిల్లలూ," అంది వాళ్ళ వైపు తిరిగి, "గోడ మీద పెద్ద తప్పు గీత పడింది. తప్పు పడితే ఏం చేస్తాం?"

"ఇంకోటి చేస్తాం!"

"ఒక్క పూతే, తడిస్తే కనిపిస్తుంది. ఆరేలోగా చెయ్యాలి" అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు. బావగారు. నీళ్ళ బకెట్ మోసుకొస్తున్నాడు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నట్టు నడకలో తెలుస్తోంది.

ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకరు కుంచెతో తడుపుతుంటే, తేలిన గీత మీద ఇంకొకరు బొగ్గుతో పరిగెత్తారు. గోడ ఎండుతూ వెనక నుంచి తరుముతోంది. అందినంత అందింది, అందనిది తెలుపులోనే ఉండిపోయింది. ఐదో కాలు ఎక్కడుందో దొరకలేదు. బిందెలు మాత్రం దొరికాయి. నీళ్ళెలా వస్తాయని గొడవపడి, చివరికి గుర్రం కన్నీళ్ళలోంచి వచ్చేట్టు గీశారు.

ఐదో కాలు గీసి ఏడ్చిన ఆ పిల్లే బొగ్గు ముక్క తెచ్చి బావగారి చేతిలో పెట్టింది. "తాతా, సున్నం నువ్వేగా వేసింది. నువ్వూ గియ్యి."

"నాకేం వచ్చమ్మా? గోడలకు తెల్లవెయ్యడం తప్ప."

"మాకు మాత్రం ఏం వచ్చు?"

ఆయన రెండు నిలువు గీతలు గీశాడు, వాటి మధ్య అడ్డ గీతలు. నిచ్చెన. దాని మీద అప్పటికే ఎవడో ఒక పిల్లిని ఎక్కించేశాడు.

సంస్థ ఆవిడ చాలాసేపు చూసింది. ఏమీ రాసుకోలేదు. వెళ్తూ, "కబురు చేస్తాం" అంది. ఆ మాటలో వేడీ లేదు, చల్లదనమూ లేదు. ఆవిడ గొడుగు మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఆ తర్వాతి రోజులన్నీ ఫోను మోగితే ఉలిక్కిపడటంతోనే గడిచాయి. ఎవరో గ్యాసు బండ తెచ్చినవాడు పిలిచినా అరచేతులు తడిసేవి.

ఒక ఉదయం నిజంగానే ఆవిడ గొంతు వినిపించింది. "మీ ప్రయత్నం అభినందనీయమండీ..."

ఆమె కుర్చీలో కూలబడింది. భర్త ఫోను లాక్కోబోయాడు. "మిగతాది కూడా వినవే!"

"...మూడేళ్ళకు అడిగారు, అది కుదర్లేదు. ఏడాదికి ఒప్పుకున్నారు. ఏడాది తిరిగాక మళ్ళీ నేనే వస్తాను. ఈసారి నాకోసం ఏమీ చెరపకండి."

భర్త చప్పట్లు కొట్టాడు. బావగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మాత్రం అప్పుడే ఏడాది అవతల ఉన్న ఆ రోజును చూస్తోంది. ఎవరు ఉంటారో, ఎవరు వెళ్ళిపోతారో, ఎవరు మళ్ళీ ప్రేమ కొద్దీ ఏం చేసిపెడతారో.

సాయంత్రం పిల్లలు రాకముందే గదికి వెళ్ళింది. గోడకు చెయ్యి ఆనించింది. లోపలినుంచి ఇంకేమీ తేలలేదు. అరచేతికి గుర్రం కన్నీళ్ళ బొగ్గు నల్లగా అంటుకుంది. దాన్ని తుడుచుకోకుండానే తలుపు పూర్తిగా తెరిచి, కొత్త అర్జీకి కాగితం తీసింది.