దగ్గు అని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు బర్మా దేశంలో, పజుండౌంగ్‌ పేటలో మా తెలుగు వీధి పెద్దవాళ్ళకు నోరు మేమే, బడికెళ్ళే పిల్లలం. వాళ్ళకు కూరగాయలు బేరమాడేంత బర్మా భాష వచ్చు, అంతే. ఆఫీసుకెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా మాలో ఎవరో ఒకరిని వెంటబెట్టుకోవాల్సిందే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బర్మా గడగడా మాట్లాడేస్తానని నాకు మహా పొగరు.

మా పక్కింటి అప్పకు ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. సెగ్గడ్డ అనుకుని పసుపూ సున్నం పట్టు వేసింది. చల్లదనానికని బర్మా ఆడవాళ్ళు ముఖానికి పూసుకునే తనకా చెక్క అరగదీసి ఆ గంధం పూసింది. తగ్గలేదు. చివరికి ఒక పొద్దున్న, మొగుడు రేవులో పనికి వెళ్ళగానే, నన్ను తీసుకుని సర్కారు ఆసుపత్రికి బయల్దేరింది. డాక్టరు మగాయన; అక్కడ డాక్టర్నైనా ఆఫీసర్నైనా సయా అనే పిలవాలి. బల్ల మీద పదిమంది కూర్చుని మావైపే చూస్తున్నారు. "సెప్పే, రొమ్ములో గడ్డని సెప్పు" అని అప్ప నా చెవిలో అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట అంతమందిలో ఎలా అంటాను? తల దించుకుని, బర్మా భాషలో "దగ్గండీ సయా" అనేశాను.

ఆయన అప్ప వీపు మీద గొట్టం పెట్టి చూసి, దగ్గు మందు రాసిచ్చాడు. అప్ప సంబరం చూడాలి! వీపు మీద గొట్టం పెట్టి ముందున్న గడ్డ కనిపెట్టేశాడు, ఎంత గొప్ప డాక్టరోనని వీధంతా చెప్పుకుంది. మూడు పూటలా చెంచా లెక్కన తాగింది. నేను మాత్రం ఆవిడ ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకునేదాన్ని.

రెండు వారాలకు అప్ప జడ వేసుకోవడానికి చెయ్యి పైకెత్తలేకపోయింది. ఇక నా వల్ల కాలేదు. మా మామ్మ దగ్గర, అంటే మా నాన్న తల్లి దగ్గర, భోరుమని ఏడ్చి అంతా చెప్పేశాను. వీపు విమానం మోత మోగిపోతుందనుకున్నాను. మామ్మ కొంగుతో నా మొహం తుడిచింది. "సంచీ తే, బజారుకెల్దాం" అంది.

చేపల బుట్టల ముందు నన్ను నిలబెట్టి, "మనకి సేప కావాల. కానీ ఆ మాట అనకు, ఉప్పు ఇమ్మను" అంది. నాకేమీ అర్థం కాలేదు. అలాగే అడిగాను. చేపలమ్మే బర్మా అవ్వ నన్ను ఎగాదిగా చూసి, పక్క కొట్టు నుంచి ఉప్పు పొట్లం తెప్పించి ఇచ్చింది. మధ్యాహ్నం ఇంట్లో అందరికీ అన్నం, ఉప్పు. మా నాన్న కంచం వైపు చూసి, "ఇదేటమ్మా?" అన్నాడు. "మన గుంటకి కావాల్సింది అడగడానికి సిగ్గట. అడిగిందే ఇచ్చారు, తిను" అంది మామ్మ. నేను ఉప్పన్నం కెలుకుతూ కూర్చున్నాను. మామ్మ నా కంచం తీసేసి, "లే, అప్పని పిలు. బేగి ఎల్దాం" అంది.

ఈసారి బల్ల మీద ఇరవైమంది ఉన్నారు. నేను గట్టిగా చెప్పాను. మొదటిసారి అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. డాక్టరు నర్సును పిలిచి, తెర వెనక అప్పకు పరీక్ష చేయించాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే చెయ్యడానికేమీ ఉండేది కాదన్నాడు. ఆ ముక్క అప్పకు తెలుగులో చెప్పాల్సింది కూడా నేనే. ఏడుస్తూ చెప్పాను. అప్ప నా తల మీద చెయ్యేసి, "పోన్లేయే గుంటా, ఇప్పుడు సెప్పినావు కదా" అంది.

పెద్దాసుపత్రిలో ఆ రొమ్ము తీసేశారు. డబ్బు కట్టమని మమ్మల్నెవరూ అడగలేదు. అప్ప బతికింది. నా పెళ్ళిలో పీటల పక్కన నిలబడి అందరికంటే గట్టిగా పాట పాడింది.

అరవై దాటాక అదే జబ్బు నాకూ వచ్చింది. చేత్తో తడిమిన రోజే కొడుకుతో, కోడలితో, ఎదురింటి వాళ్ళతో కూడా చెప్పేశాను. ఆపరేషనయింది, జుట్టు ఊడింది, మళ్ళీ మొలిచింది. ఉంగరాలు తిరిగి మునుపటికంటే బావుంది కూడా! కానీ ఆసుపత్రిలో నా పక్క మంచం మీద, తాకేటా పేట నుంచి వచ్చిన అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, సూది మందు కొనలేక వైద్యం సగంలో ఆపేసి ఇంటికెళ్ళిపోయింది. నాకు కన్నీళ్ళ కంటే ముందు కోపం వచ్చింది.

అందుకే ఇప్పుడు ఈ జబ్బు చేసిన ఆడవాళ్ళం పద్దెనిమిది మందిమి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. ఆ తాకేటా అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్తున్నాం. పోయిన వారం ఒక అధికారి మా అర్జీ చూసి, పేద స్త్రీలకు ఏదైనా సాయం చేయండని రాసుకురమ్మన్నాడు. కుదరదన్నాను. రొమ్ము క్యాన్సరు అని రాశాం, పరీక్ష నుంచి చివరి మాత్ర దాకా సర్కారు ఖర్చుతోనే కావాలని రాశాం, అదే ఉంటుంది అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "కాస్త మెల్లిగా అమ్మా, బయట జనం ఉన్నారు" అన్నాడు.

"ఉన్నారనే చెబుతున్నాను సయా" అన్నాను.

జవాబు ఇంకా రాలేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ఆయన తలుపు మూసుకుంటాడేమో, మూసుకోనీ. నాకు పోయింది రొమ్మే. తొమ్మిదేళ్ళప్పుడు తెరుచుకున్న ఆ నోరు ఇంకా నా దగ్గరే ఉంది.